ఇంటి దగ్గర ఆర్కిడ్: కుండీ మార్చే పద్ధతి, తేమ యాజమాన్యం – తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత రైతులకు సూచనలు

గులాబీ, మందారంతో పాటు ఆర్కిడ్ కుండీలు కూడా ఇప్పుడు మన ఇళ్ల వరండాల్లోకి వస్తున్నాయి. పువ్వు నెల, రెండు నెలలు వాడకుండా నిలుస్తుంది కాబట్టి ఒక్కో మొక్కకు వందల రూపాయలు పెట్టి కొంటున్నారు. కానీ చాలా ఇళ్లలో ఆ మొక్క మొదటి వానాకాలం దాటడం లేదు.

"రోజూ నీళ్లు పోస్తున్నాం, అయినా ఆకులు ముడతలు పడి వేలాడుతున్నాయి, ఇంకా నీరు పెంచాలా?" అనేది మా దగ్గరకు తరచుగా వచ్చే ప్రశ్న. పెంచకూడదు. ఆకులు వాడేది నీరు చాలక కాదు, వేర్లు కుళ్లి నీరు తీసుకోలేక. పసుపు మడిలో మురుగు నిలిచి దుంపకుళ్లు వచ్చినప్పుడు పైన ఆకు ఎలా ఎండుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ఆర్కిడ్ తేమ కోరే మొక్క అన్నది నిజమే. అయితే ఆ తేమ గాలిలో ఉండాలి, వేరు మాత్రం తడిసి ఆరుతూ ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నీ ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇది మట్టిలో పెరిగే మొక్క కాదు

మనం కొనే ఆర్కిడ్‌లలో ఎక్కువ భాగం అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగే జాతుల నుంచి వచ్చినవే. మన రాష్ట్రంలోనూ పాత మామిడి చెట్ల మీద వాండా టెసెల్లేటా అనే ఆర్కిడ్ కనిపిస్తుంది. చెట్టు మీద మొలిచినదాన్నంతా మనం బదనిక అనేస్తాం. కానీ అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా చేయదు, బెరడును పట్టుకుని ఉంటుందంతే. వాన, మంచు, బెరడు మీద చేరిన ఆకుల చెత్త, వీటితోనే బతుకుతుంది.

దాని వేరు చుట్టూ స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడగానే ఆ పొర నీరు తాగి ఆకుపచ్చగా మారుతుంది. కొన్ని గంటల్లో గాలికి ఆరి మళ్లీ వెండి రంగుకు వస్తుంది. ఇలాంటి వేరును నల్లరేగడి మట్టిలో, పశువుల ఎరువులో పూడిస్తే గాలి ఆడక వారం పది రోజుల్లోనే కుళ్లడం మొదలవుతుంది. కాబట్టి ఆర్కిడ్ కుండీలో మట్టి, ఇసుక, పశువుల ఎరువు, వర్మికంపోస్టు వేయరాదు.

పొన్నూరు వైపు తమలపాకు తోటలు చూసినవారికి ఆర్కిడ్‌కు ఎలాంటి వాతావరణం కావాలో సులభంగా తెలుస్తుంది. అవిశ చెట్ల పలుచటి నీడ, లోపల చల్లటి తడి గాలి ఉంటాయి, మురుగు మాత్రం నిలవనివ్వరు. ఆ తోట గాలిని వరండాలోకి తెచ్చుకోగలిగితే ఆర్కిడ్ పెరుగుతుంది.

మన ప్రాంతానికి ఏ రకాలు అనుకూలం?

డెండ్రోబియం: కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే మంచిది. సన్న చెరకు గడల్లాంటి కాండాలు ఉంటాయి. మన వేడిని తట్టుకుంటుంది, ఏడాదిలో ఒకటికి మించి పూస్తుంది. 50 శాతం నీడ సరిపోతుంది.

వాండా: మట్టి, బొగ్గు ఏమీ లేకుండా చెక్క బుట్టలో వేలాడదీసి పెంచవచ్చు. వెలుతురు ఎక్కువ కావాలి. వేసవిలో వేర్లను రోజుకు రెండుసార్లు తడపాలి.

ఫెలనాప్సిస్: వెడల్పాటి ఆకులు, సీతాకోకచిలుకల్లాంటి పూలు. 70 నుంచి 75 శాతం నీడ కావాలి. నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరకు దిగే డిసెంబరు, జనవరిలో పూకాడ వేస్తుంది.

సింబిడియం చలి ప్రాంతాల మొక్క. మన డెల్టాలో పూయించడం కష్టం, కొనవద్దు. అడవి నుంచి పీకి తెచ్చి అమ్మే మొక్కలు కూడా కొనవద్దు. అవి ఇంటి దగ్గర బతకడం అరుదు, పైగా అడవిలో ఆ జాతి అంతరించిపోతుంది.

కుండీ ఎప్పుడు మార్చాలి?

కుండీలో వేసిన కొబ్బరి డొక్కలు ఏడాది, రెండేళ్లలో చివికిపోతాయి. బొగ్గు, ఇటుక ముక్కలైతే రెండు మూడేళ్లు నిలుస్తాయి. కింది గుర్తుల్లో ఏది కనిపించినా మార్చాలి.

– పోసిన నీరు వెంటనే కిందికి దిగకపోవడం
– కుండీ నుంచి కుళ్లు వాసన రావడం
– కొత్త పిలక కుండీ అంచు దాటి బయటికి రావడం
– ఆకులు ముడతలు పడి, కుండీ మాత్రం తడిగా, బరువుగా ఉండటం

మన ప్రాంతంలో మృగశిర కార్తె నుంచి పుష్యమి కార్తె వరకు, అంటే జూన్ రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు అనువైన కాలం. వేడి తగ్గి గాలిలో తేమ పెరుగుతుంది, కొత్త వేర్లు త్వరగా పడతాయి. డెండ్రోబియంలో కొత్త పిలక మొదట్లో వేరు మొన ఒక సెంటీమీటరు కనిపించినప్పుడు మార్చితే మొక్కకు దెబ్బ తెలియదు. పూత మీద ఉన్న మొక్కను కదిలించవద్దు, పూలు రాలాక మార్చండి. రోహిణి కార్తెలో మార్చవద్దు. వేర్లు కుళ్లిన మొక్క విషయంలో మాత్రం కాలం చూడకుండా వెంటనే మార్చాలి.

సిద్ధం చేసుకోవలసినవి

కుండీ: పక్కల కూడా రంధ్రాలున్న మట్టి కుండీ శ్రేష్ఠం. వేర్ల గుత్తికి చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగిలేంత సైజు చాలు. సాధారణంగా 4 నుంచి 6 అంగుళాలు సరిపోతుంది. "పెద్దదైతే బాగా పెరుగుతుంది" అనుకోవద్దు, పెద్ద కుండీ మధ్యలో తడి ఆరక వేరు కుళ్లుతుంది.

కట్టెబొగ్గు 2 పాళ్లు, ఇటుక ముక్కలు 1 పాలు, కొబ్బరి డొక్క ముక్కలు 1 పాలు. అన్నీ బొటనవేలి కొస అంత ముక్కలుగా ఉండాలి, పొడి జల్లించి తీసేయాలి. రాక్షసి బొగ్గు పనికిరాదు. కొబ్బరి డొక్కలను మూడు రోజులు నీటిలో నానబెట్టి, రోజూ ఆ ఎర్రటి నీటిని పారబోసి కొత్త నీరు పోయాలి. దీంతో డొక్కలోని వగరు, ఉప్పు దిగిపోతాయి. బాపట్ల, రేపల్లె తీరం వైపు వానాకాలంలో తడి ఆరదు కాబట్టి అక్కడివారు డొక్కలు మానేసి బొగ్గు, ఇటుకతోనే సరిపెట్టుకోవడం మేలు. తెనాలి వైపు వేసవి వడగాలి ఎక్కువ కాబట్టి డొక్కలు కలుపుకోవచ్చు.

కత్తెర లేదా బ్లేడు: ఒక మొక్క కోశాక మంటలో కాల్చి చల్లార్చి, తరువాతే రెండో మొక్కకు వాడాలి. ఆర్కిడ్‌లలో వైరస్ తెగుళ్లు కోత పనిముట్ల ద్వారానే ఎక్కువగా పాకుతాయి. వైరస్‌కు మందు లేదు.

కుండీ మార్చే పద్ధతి

1. ఒక గంట ముందు మొక్కను కుండీతో సహా నీటిలో ఉంచండి. ఎండిన వేరు పెళుసుగా విరుగుతుంది, తడిసిన వేరు వంగుతుంది.

2. మెల్లగా బయటికి తీయండి. వేర్లు మట్టి కుండీ గోడకు అంటుకుని ఉంటే లాగవద్దు. కుండీని పగలగొట్టి, వేరు అంటిన పెంకులతో సహా కొత్త కుండీలో పెట్టండి.

3. పాత చివికిన ముక్కలన్నీ తీసేయండి. ఫెలనాప్సిస్ మొక్కలు చాలాసార్లు తెల్లటి నాచులో నాటి వస్తాయి. పైన ఆరినట్టు కనిపించినా వేర్ల మధ్యలో నాచు ముద్దగా తడిసే ఉంటుంది. దాన్ని వేళ్లతో విడదీసి పూర్తిగా తొలగించాలి. కొన్న మొదటి ఏడాదే చచ్చే మొక్కల్లో ఈ ముద్దే తరచుగా కారణం.

4. వేర్లను ఒక్కొక్కటి వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచి వేరు. మెత్తగా, గోధుమ రంగులో ఉండి, లాగితే పై తొక్క ఊడి లోపల దారం మిగిలితే చచ్చిన వేరు. చచ్చినవి మాత్రమే కోయండి.

5. డెండ్రోబియంలో ఆకులు రాలిన పాత గడలను పనికిరానివని కోసేయవద్దు. కొత్త పిలకకు కావలసిన నీరు, ఆహారం వాటిలోనే నిల్వ ఉంటాయి. ముడుచుకుపోయి ఎండిన గడను మాత్రమే తీసేయండి. మొక్కను విడదీయాలంటే ఒక్కో భాగానికి కనీసం మూడు నాలుగు గడలు ఉండాలి.

6. కోసిన చోట మాంకోజెబ్ పొడిని కొద్దిగా అద్ది, మొక్కను నీడలో రెండు మూడు గంటలు ఆరనివ్వండి. పొడి చేతికి అంటకుండా తొడుగు వేసుకోండి.

7. కుండీ అడుగున పెద్ద ఇటుక ముక్కలు మూడో వంతు వరకు వేయండి. డెండ్రోబియంలో పాత గడ అంచు వైపు, కొత్త పిలక మధ్య వైపు ఉండేలా పెట్టండి. చుట్టూ బొగ్గు, డొక్కల ముక్కలు నింపండి. మొక్క మొదలు పైకి కనిపించాలి, పూడ్చకూడదు.

8. మొక్క ఊగితే కొత్త వేరు మొన విరిగిపోతుంది. సన్న వెదురు పుల్ల గుచ్చి మెత్తటి గుడ్డపేలికతో కట్టండి.

మార్చిన తరువాత మొదటి నెల

మొదటి నాలుగైదు రోజులు కుండీలో నీరు పోయవద్దు. కోత గాయాలు మానాలి. ఉదయం పూట ఆకుల మీద పలుచగా నీటి తుంపర చల్లితే చాలు. కుండీని మామూలుకన్నా ఎక్కువ నీడలో, వాన నేరుగా పడని చోట ఉంచండి. మూడు నాలుగు వారాల్లో ఆకుపచ్చ మొనతో కొత్త వేర్లు కనిపిస్తాయి. అప్పటివరకు ఎరువు వేయరాదు.

నీరు ఎప్పుడు, ఎంత?

రోజులు లెక్కపెట్టి నీరు పోయవద్దు, కుండీని చూసి పోయండి. వేరు వెండి రంగుకు వచ్చి, కుండీ ఎత్తితే తేలికగా ఉంటే నీరు పోయాలి. వేరు ఇంకా ఆకుపచ్చగా ఉంటే ఆగాలి. పోసినప్పుడు అడుగు నుంచి ధారగా కారేంత పోయాలి, కింద పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. ఉదయం తొమ్మిదిలోపు పోస్తే సాయంత్రానికి ఆకులు ఆరిపోతాయి. రాత్రి తడితో ఉంటే కుళ్లు వస్తుంది.

సుమారుగా చెప్పాలంటే, వేసవిలో డెండ్రోబియంకు రోజూ ఒకసారి, వాన లేని వానాకాలపు రోజుల్లో రెండు రోజులకోసారి, చలికాలంలో మూడు నాలుగు రోజులకోసారి అవసరమవుతుంది. ముసురు పట్టిన వారంలో అసలు అవసరం ఉండదు. ఫెలనాప్సిస్ ఆకుల మధ్య మొవ్వులో నీరు నిలవరాదు, నిలిస్తే గుడ్డ కొసతో అద్ది తీసేయండి. కొబ్బరిలో మొవ్వుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తొరా శిలీంధ్రమే ఆర్కిడ్‌లోనూ నల్లకుళ్లు తెస్తుంది.

మన నీటిలోని ఉప్పు

ఆర్కిడ్ వేరు ఉప్పును తట్టుకోలేదు. వరికి, కొబ్బరికి పనికొచ్చే నీరు దీనికి పనికిరాకపోవచ్చు. నీటిలో లవణ పరిమాణం మీటరుకు 0.5 డెసీసైమన్ లోపు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. ఆకు కొసలు మాడటం, వేరు మొనలు గోధుమ రంగుకు తిరగడం, బొగ్గు ముక్కల మీద తెల్లటి పొర కట్టడం ఉప్పు గుర్తులు.

తెనాలి: కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ నీరు ఆర్కిడ్‌కు బాగుంటుంది, తేర్చి వాడండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి బకెట్‌లో ఉంచండి. కాలువలు కట్టేశాక బోరు నీటికి మారేవారు ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి.

బాపట్ల: తీరపు ఇసుక భూముల్లో దొరువు నీరు వాడేవారు ఒక సంగతి గమనించాలి. దొరువులో ఉప్పునీటి మీద మంచినీరు పలుచటి పొరగా తేలి ఉంటుంది. మోటారు ఎక్కువసేపు నడిస్తే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే ఆర్కిడ్ కోసం తెల్లవారుజామున, మోటారు వేయకముందు, పై నుంచి బిందెతో తోడిన నీరు తీసుకోండి. ఉప్పునీటి వినియోగంపై బాపట్లలో పరిశోధన కేంద్రం ఉంది. దొరువు నీటిపై అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది.

రేపల్లె: తీరానికి దగ్గరైన ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఇక్కడ వాన నీరే దారి. లెక్క చూడండి: ఒక కుండీకి ఒకసారికి అర లీటరు. పది కుండీలకు రోజుకు 5 లీటర్లు. మార్చి మొదలు జూన్ మొదటి వారం వరకు సుమారు 100 రోజులకు 500 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు మూడు నింపుకుంటే వేసవి గడుస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో డాబా లేదా రేకుల కప్పు నీటిని పట్టండి. మొదటి పావుగంట నీటిని వదిలేయండి. దోమలు పెరగకుండా మూతికి గుడ్డ కట్టండి.

గాలిలో తేమ, నీడ

గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉంటే ఆర్కిడ్ బాగా పెరుగుతుంది. వానాకాలంలో మన డెల్టాలో ఇది సహజంగానే ఉంటుంది, అప్పుడు గాలి ఆడేలా చూడటమే మన పని. కుండీలను ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంగా పెట్టండి.

ఇబ్బంది ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. పడమటి వడగాలి తగిలే వైపు తడిపిన గోనె పట్టా కట్టండి. మధ్యాహ్నం నేల మీద నీరు చల్లండి, మొక్క మీద కాదు. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్ల మట్టం కన్నా కిందికి నీరు ఉంచి, ఆ రాళ్ల మీద కుండీ పెట్టండి. కుండీ అడుగు నీటికి తగలకూడదు. తూర్పు వరండా, సపోటా లేదా మామిడి చెట్టు నీడ అనువైన చోట్లు. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు వారానికోసారి ఆకులను మంచినీటితో కడగాలి, గాలిలో వచ్చే ఉప్పు ఆకుల మీద చేరుతుంది.

ఎరువులు

19-19-19 చాలు. డెండ్రోబియం, వాండాకు లీటరు నీటికి 1 గ్రాము, ఫెలనాప్సిస్‌కు అర గ్రాము. వారానికోసారి, వేర్లు తడిగా ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వండి. మిరప, పత్తి మీద పిచికారీకి లీటరుకు 5 నుంచి 10 గ్రాములు కలిపే అలవాటుతో ఇక్కడా అంతే కలిపితే వేరు మాడిపోతుంది. మూడు వారాలు ఎరువు ఇచ్చాక నాలుగో వారం ఉత్త మంచినీరు ధారాళంగా పోసి మిగిలిన ఉప్పును కడిగేయండి. యూరియా, డిఎపి వేయరాదు.

పురుగులు, తెగుళ్లు

నత్తలు: వానాకాలంలో రాత్రిపూట వచ్చి వేరు మొనలు, మొగ్గలు తింటాయి. సాయంత్రం తడి గోనె సంచి పరిచి, తెల్లవారి దాని కింద చేరినవాటిని ఏరి ఉప్పునీటి బకెట్‌లో వేయండి. పిల్లలు, కోళ్లు, పశువులు తిరిగే ఇంట్లో నత్తల మందు గుళికలు చల్లవద్దు.

పిండినల్లి, పొలుసు పురుగు: స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఎక్కువైతే 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరుకు 5 మి.లీ. కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

నల్లకుళ్లు: ఆకు లేదా పిలక మొదట్లో నీరు నానినట్టు నల్లటి మచ్చ వచ్చి, రెండు మూడు రోజుల్లో పాకుతుంది. ఆ కుండీని వెంటనే వేరుచేయండి. మచ్చకు ఒక అంగుళం అవతల మంచి భాగంతో సహా కోసి కాల్చేయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. వారం పాటు నీరు తగ్గించండి.

ఇంట్లో ఉంది కదా అని కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను డెండ్రోబియం మీద చల్లవద్దు. రాగి మందులకు దాని లేత ఆకులు, మొగ్గలు మాడతాయి.

తుఫాను రోజుల్లో

మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు హెచ్చరిక వినగానే వేలాడే కుండీలన్నీ దించి గోడ వారన నేల మీద పెట్టండి. నీడ వల విప్పి చుట్టి పెట్టండి. తుఫాను తగ్గాక మొక్కలను మంచినీటితో కడిగి, మొవ్వులో నీరు తీసి, గాలి తగిలే చోట ఆరనివ్వండి. మూడు నాలుగు రోజులు నీరు, ఎరువు ఆపండి.

అమ్మకానికి పెంచాలనుకునేవారికి

"ఆర్కిడ్ వేయండి, పూలు మేమే కొంటాం" అని చెప్పేవారు మీ ఊరికీ రావచ్చు. అప్పు చేసి నీడ వల కట్టేముందు ఇంటి దగ్గర పది డెండ్రోబియం కుండీలను రెండు వానాకాలాలు, రెండు వేసవులు పెంచి చూడండి. ఆ రెండేళ్లలో మీ నీరు, మీ గాలి, మీ ఇంట్లో పనికి దొరికే చేతులు సరిపోతాయో లేదో పది కుండీల ఖర్చుతోనే తెలిసిపోతుంది. కొనుగోలు హామీ ఏదైనా రాతపూర్వకంగా ఉండాలి, పూల ధర, గ్రేడు, చెల్లింపు గడువు అందులో స్పష్టంగా ఉండాలి. దేశంలో ఆర్కిడ్‌ల కోసం ప్రత్యేకంగా సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. అయితే అక్కడి చలి ప్రాంతపు రకాలను, పద్ధతులను మన వేడి తీరానికి ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోవద్దు.

నీటి పరీక్షకు శుభ్రమైన సీసాలో ఒక లీటరు నీరు పట్టి, ఊరు పేరు, బోరు లోతు రాసి మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. మొక్కకు తెగులు వస్తే ఆకు ఫొటో ఒక్కటే కాకుండా, కుండీ నుంచి తీసిన వేర్ల ఫొటో కూడా ఉద్యాన అధికారికి చూపించండి. ఆర్కిడ్‌లో జబ్బు ఆకు మీద కనిపించేసరికి వేరులో చాలా రోజులుగా ఉండి ఉంటుంది.